వెయ్యేళ్ల తర్వాత ఎవరికి కావాలి?

ప్రశ్న: నా వయసు 43. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఎనిమిది నెలల క్రితం నాన్నగారు పోయారు. ఆయన బీరువాలో ముప్ఫై ఏళ్ల ఇంటి పద్దుల పుస్తకాలు దొరికాయి. పాలు, అద్దె, మా స్కూలు ఫీజులు, బస్సు చార్జీలు చిల్లరతో సహా రాసి ఉన్నాయి. ఇంత శ్రద్ధగా రాసినవి ఇప్పుడు ఎవరికి కావాలి అనిపించింది. అప్పట్నుంచి రాత్రుళ్లు నిద్రపట్టక విశ్వం గురించిన వీడియోలు చూస్తున్నాను. ఆఫీసులో అప్రైజల్, ఫ్లాటు ఈఎంఐ, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పరీక్షలు, అన్నీ పిల్లలాటల్లా కనిపిస్తున్నాయి. తత్వశాస్త్రం చదివిన మిత్రుడొకరు, స్పినోజా చెప్పినట్టు జీవితాన్ని నిత్యత్వం వైపు నుంచి చూడు, ప్రశాంతత వస్తుందన్నాడు. చూశాను. ప్రశాంతత రాలేదు, అంతా డొల్ల అనిపించింది. మొన్న మా అమ్మాయి "నాన్నా, నా మార్కులు నీకు పట్టవా?" అనడిగితే నోటమాట రాలేదు. నేను చూసే పద్ధతి తప్పా, లేక ఆ దృష్టి ఫలితమే ఇంతా? సరిగ్గా చేసే విధానం ఉందా? ఏం చదవాలి?

సమాధానం:

మీ మిత్రుడు మంచి మాటే చెప్పారు గానీ, సగం చెప్పి వదిలేశారు. ఈత రానివాణ్ణి కాలవలోకి దింపి "నీళ్లు చల్లగా ఉంటాయి" అని గట్టుమీంచి వెళ్లిపోయినట్టుంది. మిగతా సగం మేం చెప్పే ప్రయత్నం చేస్తాం. ముందు ఆ మాట అర్థం దగ్గరే ఒక ముడి ఉంది, అది విప్పాలి.

"సబ్ స్పెసియే ఎటెర్నిటాటిస్", అంటే నిత్యత్వ రూపంలో చూడటం, అనే లాటిన్ మాటను తత్వశాస్త్రంలో స్థిరపరిచినవాడు స్పినోజా. 1632లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. 23 ఏళ్ల వయసులో, 1656 జులై 27న, అక్కడి యూదు సమాజం వెలివేసింది. కటకాలు సానబట్టి బతికాడు. 1677 ఫిబ్రవరిలో 44 ఏళ్లకే పోయాడు. "ఎథిక్స్" అనే ముఖ్య గ్రంథాన్ని మిత్రులు అదే ఏడాది చివర్లో అచ్చువేశారు. విషయాలను ఒకరకమైన నిత్యత్వ రూపంలో గ్రహించడం బుద్ధికి సహజ లక్షణమని అందులో రెండో భాగం 44వ ప్రతిపాదన (నంబరు వేసి రాసిన సిద్ధాంత వాక్యం) దగ్గర అంటాడు. ఆ నిత్యత్వమంటే ఏమిటో మొదటి భాగంలోనే నిర్వచించి, వెంటనే ఒక హెచ్చరిక జోడిస్తాడు: దీన్ని కాలంతో వివరించలేం, మొదలూ తుదీ లేని కాలాన్ని ఊహించుకున్నా సరే వివరించలేం.

మీరు చేసింది సరిగ్గా దానికి విరుద్ధం. వెయ్యేళ్ల అవతలికి, లక్ష ఏళ్ల అవతలికి వెళ్లి నిలబడి ఇటు చూశారు. అది నిత్యత్వం కాదండీ, మరో తేదీ. 3025వ సంవత్సరం కూడా క్యాలెండర్‌లోదే. వీధి ఆ చివర నిలబడితే ఈ చివరి ఇల్లు అగ్గిపెట్టెలా కనిపిస్తుంది. ఇల్లు చిన్నదయిందా? మీరు దూరం నడిచారంతే. అదే ఊరి పటం తీసి చూడండి. అందులో ఏ ఇల్లూ దగ్గరా కాదు, దూరమూ కాదు. ప్రతిదీ దాని చోట, దాని కొలతలో ఉంటుంది. స్పినోజా చూడమన్నది పటం చూసినట్టు. మీరు చూసింది వీధి చివరి నుంచి.

ఈ తేడాను ఆయనకన్నా చాలా ముందే బోయిథియస్ అనే రోమన్ తత్వవేత్త తేల్చాడు. 524 ప్రాంతంలో రోమన్ రాజకీయాల్లో పడి చెరసాలలో మరణదండన కోసం ఎదురుచూస్తూ రాసిన పుస్తకంలో, ఎడతెగకుండా సాగే కాలం వేరు, నిత్యత్వం వేరు అన్నాడు. అంతులేని జీవితం మొత్తాన్ని ముక్కలు ముక్కలుగా కాక ఒక్కసారిగా, సంపూర్ణంగా కలిగి ఉండటం నిత్యత్వమట. ఆయనకది దేవుడి చూపు. దేవుణ్ణి పక్కనపెట్టినా విషయం నిలుస్తుంది. త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు. ఈ సంగతి పాతబడిందా అని ఎవరూ అడగరు. వెయ్యేళ్ల తర్వాత ఎవరికి కావాలి అని కూడా అడగరు.

ఇప్పుడు పద్దుల పుస్తకం దగ్గరకు రండి. ఒక ఆగస్టు నెలలో మీ నాన్నగారు మీ ఫీజు కట్టి, ఆ అంకె రాసి, కింద గీత గీశారనుకుందాం. ఆ కాగితం చెదలు తినొచ్చు. దాన్ని చదివేవాళ్లు లేకపోవచ్చు. కానీ ఆ రోజు ఆ మనిషి ఆ ఫీజు కట్టాడన్న నిజాన్ని తర్వాతి ఏ కాలమూ వెనక్కి వెళ్లి చెరపలేదు. పటంలో ఆ ఆగస్టు నెల దాని చోట అలాగే ఉంది. అయిదో భాగం 22వ ప్రతిపాదనలో స్పినోజా మనుషులందరి గురించి గుండుగుత్తగా మాట్లాడడు. "ఈ" శరీరం, "ఆ" శరీరం అని విడివిడిగా ఎంచి, ఒక్కొక్కదాని సారానికీ నిత్యత్వ రూపం ఉందంటాడు. ఆ వేలుపెట్టి చూపడం గమనించండి. నిత్యత్వంలో మీ నాన్నగారు "మానవజాతి"లో కలిసి కరిగిపోరు.

ఇక్కడ ఒక జాగ్రత్త. దాని ముందున్న 21వ ప్రతిపాదనలోనే, జ్ఞాపకం, ఊహ శరీరం ఉన్నంతవరకే అని తేల్చేశాడు. కాబట్టి నాన్నగారు ఎక్కడో ఉండి మిమ్మల్ని తలుచుకుంటున్నారనే ఊరట స్పినోజా దగ్గర దొరకదు. అది మీ నమ్మకమైతే దానికి వేరే ఆధారాలున్నాయి, వాటినే నమ్ముకోండి. ఈయన నోట్లో ఆ మాట పెట్టొద్దు. అలాగే తెలుగువాళ్లు తరచూ చేసే ఇంకో కలగాపులగం, స్పినోజాని అద్వైతంతో కలిపేయడం. "అంతా ఒక్కటే పదార్థం" అన్నాడు గనక "జగత్తు మిథ్య" అన్నట్టే అనుకుంటారు. కాదు. ఆయన లెక్కలో మీ అమ్మాయి, ఆ పద్దుల పుస్తకం, పొద్దున తాగిన కాఫీ అన్నీ ఆ ఒక్క పదార్థపు నిజమైన రూపాలే. మిథ్య అనే అంతస్తు అక్కడ లేదు. పోనీ అద్వైతానికే వద్దామన్నా, శంకరులు సూత్రభాష్యం మొదట్లోనే నాలుగు అర్హతలు అడుగుతారు: నిత్యానిత్య వస్తు వివేకం (ఏది నిత్యమో, ఏది అనిత్యమో తెలియడం), వైరాగ్యం, శమదమాది షట్కం (మనసునూ ఇంద్రియాలనూ అదుపులో పెట్టుకోవడం లాంటి ఆరు గుణాలు), ముముక్షుత్వం (మోక్షం కావాలన్న తపన). మీకు కలిగింది అందులో మొదటిదాంట్లో సగం. ఏది అనిత్యమో తెలిసింది. ఆ సగంతో ఈఎంఐని మిథ్య అనేయడానికి ఏ దర్శనమూ ఒప్పుకోదు.

ఇక కొలత సంగతి. మీ ఉత్తరంలో అప్రైజల్‌కి విశ్వం కొలత పెట్టారు. ఫ్లాటుకి పెట్టారు. అమ్మాయి పరీక్షలకీ పెట్టారు. ఒక్కదానికి మాత్రం పెట్టలేదు: రాత్రి రెండింటికి మీకు కలుగుతున్న ఆ డొల్లతనానికి. అది మాత్రం ఇప్పుడు, ఇక్కడ, నిజంగా ముఖ్యమైనదిగా మిగిలిపోయింది. ఈ తూకంలో మోసం ఉంది.

దీన్ని అందరికన్నా సూటిగా పట్టుకున్నవాడు అమెరికన్ తత్వవేత్త థామస్ నేగెల్, 1971లో రాసిన "ది అబ్సర్డ్" అనే వ్యాసంలో. ఆయన తర్కాన్ని మన మాటల్లో చెబితే ఇలా ఉంటుంది. ఇప్పుడు చేసేదేదీ పది లక్షల ఏళ్ల తర్వాత లెక్కలోకి రాదంటారా, సరే. అయితే అదే నియమం ప్రకారం, పది లక్షల ఏళ్ల తర్వాత ఉండబోయేదేదీ ఇప్పుడు లెక్కలోకి రాదు. "అప్పుడు ఇవేవీ లెక్కలోకి రావు" అనే సంగతి కూడా ఆ ఉండబోయేవాటిలో ఒకటే. అది మాత్రం ఇప్పుడు మిమ్మల్ని ఎందుకు కుంగదీయాలి? ఆయుష్షు చిన్నదని బాధపడేవాళ్లనూ ఆయన వదల్లేదు. డెబ్బై ఏళ్ల జీవితం అర్థంలేనిదైతే, దాన్నే అనంతంగా సాగదీస్తే అర్థంలేనితనం కూడా అనంతమవుతుంది గదా అంటాడు. పరిమాణం మాటా అంతే. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు, మనం అందులో నలుసులం, నిజమే. మనుషులు ఒక్కొక్కరూ నక్షత్రమండలమంత ఉండి ఉంటే అప్రైజల్‌కి గౌరవం పెరిగేదా? 1990 ఫిబ్రవరి 14న వాయేజర్-1 దాదాపు 600 కోట్ల కిలోమీటర్ల నుంచి తీసిన ఫోటోలో భూమి ఒక చుక్క. మీరు చూసే వీడియోల్లో అది వచ్చే ఉంటుంది. చుక్కలా కనిపించడం కెమెరా ఎంత దూరాన ఉందో చెబుతుంది. చుక్క మీద ఉన్నవాటి విలువ గురించి అదేమీ చెప్పదు.

నేగెల్ అంతమాత్రాన అంతా బాగుందనలేదు. మనం జీవితాన్ని ప్రాణం పెట్టి జీవిస్తాం, అదే సమయంలో పక్కకు జరిగి "ఇదంతా ఎందుకు" అనీ అడగగలం. ఈ రెండూ మనిషిలో ఎప్పటికీ ఒరుసుకుంటూనే ఉంటాయి. ఎలుకకు ఈ బాధ లేదు, అది పక్కకు జరిగి తనను తాను చూసుకోలేదు. ఈ ఒరిపిడిని వీరోచితంగా ఎదిరించనక్కర్లేదు, కుమిలిపోనూ అక్కర్లేదు, కాస్త చిరునవ్వుతో మోయొచ్చు అన్నది ఆయన సలహా. మా దృష్టిలో మీ ఉత్తరానికి ఇది దాదాపు పూర్తి జవాబు, కాకపోతే వాదం తెలిసినంత మాత్రాన రాత్రి రెండింటికి నిద్ర పట్టదు. అందుకే అభ్యాసం.

అభ్యాసానికి ముందు, ఈ మందు ఏ జబ్బుకో తెలియాలి. రోమన్ చక్రవర్తి మార్కస్ అరేలియస్ (161 నుంచి 180 వరకు ఏలాడు) తన కోసం గ్రీకులో రాసుకున్న పుస్తకంలో ఈ ఎత్తునుంచి చూసే సాధన పదేపదే వస్తుంది. అలెగ్జాండరూ, ఆయన కంచరగాడిదలు తోలేవాడూ చివరికి ఒక్కచోటికే చేరారంటాడు. ఖరీదైన ద్రాక్షసారాయి అంటే పండు రసం, రాజవస్త్రం అంటే నత్త రక్తంలో ముంచిన గొర్రెబొచ్చు అని తనకు తాను చెప్పుకుంటాడు. కానీ చూడండి, ఆ చూపును దేనిమీదికి తిప్పుతున్నాడో. హోదా, పొగడ్త, విందు, కోపం, చావుభయం. కొంచెం పట్టుకుంటే పొంగిపోయే వాటి మీదికే. అదే మనిషి అయిదో అధ్యాయం మొదట్లో, తెల్లవారి పక్క మీంచి లేవబుద్ధి కాకపోతే "మనిషి చేయాల్సిన పనికి లేస్తున్నాను" అనుకో అని తనను తాను లేపుకుంటాడు. ఎత్తునుంచి చూసి పనికి సెలవు పెట్టలేదు.

స్పినోజా ఇంకా కచ్చితం. అయిదో భాగం 10వ ప్రతిపాదన వివరణలో ఒక ఉదాహరణ ఇస్తాడు. కీర్తి మీద యావ ఎక్కువైందని తెలిస్తే, కీర్తిని సరిగ్గా ఎలా వాడుకోవాలి, ఏ మేరకు వెతకాలి, ఎలా సంపాదించాలి అని ఆలోచించమంటాడు. కీర్తి ఎంత వ్యర్థమో, మనుషులు ఎంత చపలులో అని తలపోయడం జబ్బుపడ్డ మనసు చేసే పని అని మొహమాటం లేకుండా రాశాడు. ఎక్కువగా అలా కుమిలేవాళ్లు కీర్తి దక్కనివాళ్లేనట. నిత్యత్వం గురించి మాట్లాడిన మనిషే "అంతా వ్యర్థం" అనే ఆలోచనను జబ్బు కింద జమకట్టాడన్నమాట. ఆయన జీవితంలోనూ అంతే. 1672 ఆగస్టు 20న హేగ్‌లో డచ్ రాజకీయ నాయకులైన డి విట్ సోదరులను అల్లరిమూక చంపేసింది. హంతకులను అనాగరికులని తిడుతూ రాసిన ప్రకటనను ఆ రాత్రే వెళ్లి అక్కడ అంటించాలనుకున్నాడట, చంపేస్తారన్న భయంతో ఇంటి యజమాని తలుపు వేసి బయటికి పోనివ్వలేదట. స్పినోజా తనతో ఈ మాట చెప్పాడని జర్మన్ తత్వవేత్త లైబ్‌నిజ్ రాసిపెట్టాడు. వెయ్యేళ్ల తర్వాత ఎవరికి కావాలిలే అని ఆయన తలుపేసుకు పడుకోలేదు.

ఇలా ఎత్తుకు ఎక్కి, మళ్లీ చేతిలో పని దగ్గరకు దిగడం మీకు కొత్తేమీ కాదు. మీ ఇంట్లో మాసికాలు పెడుతూ ఉంటే, ఈ ఎనిమిది నెలల్లో సంకల్పం ఎన్నోసార్లు విన్నారు. అందులో ఏముందో ఒక్కసారి వరసగా వినండి. ద్వితీయ పరార్ధం, శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం, ప్రథమ పాదం. కల్పం అంటేనే 432 కోట్ల ఏళ్లు. (భూమి వయసు 454 కోట్ల ఏళ్లకు ఇది దగ్గరగా ఉందని చంకలు గుద్దుకునేవాళ్లున్నారు. మనకిక్కడ కావలసింది అది కాదు.) అక్కణ్ణుంచి జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం, శ్రీశైలానికి మీరున్న దిక్కు, ఏ నదుల మధ్య ఉన్నారో ఆ నదులు. తర్వాత సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. ఆపైన గోత్రం, పేరు. చివర "కరిష్యే", ఇదిగో ఈ పని చేస్తున్నాను. బ్రహ్మ ఆయుష్షు దగ్గర మొదలుపెట్టి ఈ పూట, ఈ పీట, ఈ చేతిలో నీళ్ల దగ్గర ఆగుతుంది. అమెరికాలో చాలామంది పురోహితులు జంబూద్వీపం తీసి క్రౌంచద్వీపం అంటారు, ఎందుకంటే చోటు కచ్చితంగా చెప్పకపోతే సంకల్పం సంకల్పం కాదు. వీడియోలు మిమ్మల్ని తిరగేసి నడిపిస్తున్నాయి. ఇంటి నుంచి మొదలుపెట్టి నగరం, భూమి, సూర్యుడు, పాలపుంత అంటూ తీసుకెళ్లి, అక్కడ చీకట్లో వదిలేసి సంగీతం ఆపేస్తున్నాయి. దిగడానికి మెట్లుండవు.

ఇప్పుడు విధానం. పదిహేను నిమిషాలు చాలు, వారానికి నాలుగు రోజులు. పొద్దున పూట కూర్చోండి, ఒక నోటుపుస్తకం, పెన్ను, ఫోను వేరే గదిలో. రాత్రి పడుకుని చేయొద్దు. అలసిన మనసు ఆలోచించదు, బొమ్మలు చూపిస్తుంది. స్పినోజా దాన్ని మొదటి రకం జ్ఞానం అంటాడు, అంటే వట్టి ఊహ. ఈ పని జరగాల్సింది రెండో రకంతో, కారణాలు వెతికే బుద్ధితో.

మొదటి మూడు నిమిషాల్లో, మిమ్మల్ని పీడిస్తున్న ఒక్క సంగతిని ఒక్క వాక్యంలో రాయండి. తేదీ, చోటు, మనుషులు ఉండాలి. "జీవితం వ్యర్థం" అని రాస్తే కొట్టేయండి, అది సంగతి కాదు. "గురువారం అప్రైజల్‌లో నాకు అనుకున్నదానికన్నా తక్కువ రేటింగ్ ఇచ్చారు" అని రాయొచ్చు. ఎందుకింత పట్టు అంటే, ఉద్వేగాన్ని స్పష్టంగా తెలుసుకున్న మేరకే అది మన మీద పెత్తనం మానుతుందన్నది అయిదో భాగం 3వ ప్రతిపాదన. మబ్బును ఎంత తదేకంగా చూసినా మబ్బే.

తర్వాతి అయిదు నిమిషాలు కారణాలకు. కనీసం ఏడు రాయండి. అందులో మూడైనా ఎవరి ఉద్దేశంతోనూ పనిలేనివి కావాలి: బడ్జెట్ తగ్గింది, కొత్త మేనేజరుకు మీ పాత పని తెలియదు, ఆ మూడు నెలలు మీరు ఆస్పత్రి చుట్టూ తిరిగారు. "కావాలని", "అన్యాయంగా", "నాకే" అనే మాటలు ఎక్కడ పడితే అక్కడ గీత కొట్టండి. మొదటి రెండు మూడు కారణాలు సులభంగా వస్తాయి, అవి సాధారణంగా మనుషుల మీద కోపాలే. నాలుగో కారణం దగ్గర పెన్ను ఆగుతుంది. ఆ ఆగిన చోటే సాధన మొదలైనట్టు. ఒకే కారణానికి అంటుకున్న బాధ కంటే అనేక కారణాలకు పంచుకున్న బాధ తక్కువ హాని చేస్తుందని 9వ ప్రతిపాదన.

మళ్లీ మూడు నిమిషాలు. అదే వాక్యాన్ని మూడు కాలాల్లో రాయండి: పదేళ్ల క్రితం జరిగినట్టు, ఇవాళ జరుగుతున్నట్టు, పదేళ్ల తర్వాత జరగబోతున్నట్టు. ప్రతిసారీ మనసులో మంట ఎంత మారిందో గమనించండి. బుద్ధితో చూసేవాడికి గతం, వర్తమానం, భవిష్యత్తు ఒకే రకంగా తగులుతాయని నాలుగో భాగం 62వ ప్రతిపాదన చెబుతుంది. మనకు అంత రాదు, అయినా తేడా తెలుస్తుంది. రేటింగ్ సంగతి పదేళ్ల క్రితందిగా రాస్తే దాదాపు ఏమీ మిగలదు. "నా కూతురు సాయం అడిగింది, నేను మాట్లాడలేదు" అన్నది రాసి చూడండి. మూడు కాలాల్లోనూ బరువు అంతే ఉంటుంది. ఏది కాలం మార్చినా తగ్గదో దాన్ని ఈ దృష్టి పెద్దదిగానే చూపిస్తుంది. మీ వీడియోలు రెండింటినీ ఒకే నలుసు చేశాయి.

చివరి నాలుగు నిమిషాలు దిగడానికి. "ఇవాళ ఫలానా గంటలోగా ఈ పని చేస్తాను" అని ఒక్క వాక్యం, సంకల్పంలో "కరిష్యే" లాగా. చిన్న పనైనా సరే, ఫోన్ కాల్, కరెంటు బిల్లు, క్షమాపణ. ఈ వాక్యం రాయకుండా లేవొద్దు. పదిహేను నిమిషాల్లో ఏదైనా తగ్గించాల్సి వస్తే పైవాటిలో తగ్గించండి, దీన్ని మాత్రం వదలొద్దు.

మొదటి వారం చిన్నవాటి మీదే చేయండి: ట్రాఫిక్‌లో తిట్టినవాడు, పెళ్లిలో బంధువు వేసిన పుల్లవిరుపు మాట. నాన్నగారి మరణంతో మొదలుపెట్టొద్దు. ఎక్కువమందికి ఇది చెడేది ఇక్కడే. పెద్ద దుఃఖానికి కారణాలు రాయబోతే "ముందే స్కానింగ్ చేయించి ఉంటే" అనే దగ్గర ఇరుక్కుపోతారు. మూడు వారాలు చెయ్యి తిరిగాక దానికి రండి. పోగొట్టుకున్నదాన్ని ఏ విధంగానూ నిలుపుకోగలిగి ఉండేవాళ్లం కాదని తెలిస్తే దుఃఖం నెమ్మదిస్తుందని స్పినోజా అంటాడు. ఆ "ఏ విధంగానూ" అన్నది తెలియడానికి ఓపిగ్గా కారణాలు పేర్చాలి. ఊరికే అనేసుకుంటే పనిచేయదు.

రెండో చెడు, దీన్ని ఎదుటివాళ్ల మీద ప్రయోగించడం. పరామర్శకు వెళ్లి "అందరూ పోయేవాళ్లమే" అనడం, పరీక్ష తప్పిన పిల్లాడితో "విశ్వంలో ఇదెంత" అనడం. ఈ అద్దం ఎవరి ముఖం వాళ్లు చూసుకోవడానికే. ఇంకోటి గుర్తుపట్టడం కొంచెం కష్టం. సాధన తర్వాత ఎదుటివాళ్ల తాపత్రయాలు చూస్తే లోపల నవ్వొస్తుంటే, మీరు మళ్లీ వీధి చివరికి వెళ్లి నిలబడ్డారన్నమాట. మనుషుల పనులను చూసి నవ్వకుండా, ఏడవకుండా, తిట్టకుండా అర్థం చేసుకోవడానికే ప్రయత్నించానని స్పినోజా తన చివరి, అసంపూర్ణ రాజనీతి గ్రంథంలో రాసుకున్నాడు. ఇక దొంగలెక్క ఒకటుంటుంది. ఈ దృష్టిలో మీకు ఇష్టంలేని పనులు మాత్రమే నలుసులై, ఇష్టమైనవన్నీ యథాతథంగా మిగిలితే అది తత్వం కాదు, బద్ధకానికి వేసిన ముసుగు. నెలాఖరున నోటుపుస్తకం తిరగేస్తే మీకే తెలిసిపోతుంది.

మనవాళ్లు పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడింటిని చెప్పి నవ్వుకుంటారు. స్నానం చేసి ఇంటికొచ్చేసరికి దిగిపోయేది శ్మశాన వైరాగ్యం. మీది ఎనిమిది నెలలుగా దిగలేదు, నిద్ర కూడా పోయింది. కాబట్టి ఇది పూర్తిగా తత్వశాస్త్ర సమస్యే అని మేం అనుకోవడం లేదు. నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఆకలి తగ్గడం రెండు వారాలకు మించి రోజూ ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. డిప్రెషన్‌కి తత్వపు భాషలో మాట్లాడే అలవాటుంది, "అంతా వ్యర్థం" అనేది దాని ఇష్టమైన వాక్యం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. బతకడమెందుకు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఈ నోటుపుస్తకం పక్కనపెట్టి అదే రోజు ఫోన్ చేయండి, ఇంట్లోవాళ్లకూ చెప్పండి. వైద్యం చేయించుకుంటే తత్వం ఓడిపోయినట్టు కాదు. కారణాలు వెతకమన్న స్పినోజా, వాటిలో శరీరానికి సంబంధించినవి ఉంటాయంటే ఆశ్చర్యపోయేవాడు కాదు.

అమ్మాయి అడిగినదానికి జవాబు ఇంకా బాకీ ఉంది. ఆమెకు విశ్వం గురించి ఏమీ చెప్పొద్దు. "పట్టింది, తాతయ్య పోయినప్పట్నుంచి నా మనసు బాగాలేక మాట్లాడలేకపోయాను" అనండి. అది నిజం కూడా. తర్వాత ఏ సబ్జెక్టులో ఇబ్బందిగా ఉందో అడిగి, రోజూ ఒకే వేళకు అరగంట పక్కన కూర్చోండి. త్రికోణమితి మీకు గుర్తులేకపోయినా ఫర్వాలేదు, పుస్తకం పట్టుకుని ఆమె చెబుతుంటే వినండి. నోటుపుస్తకంలో ఆ చివరి వాక్యానికి కొన్నాళ్లపాటు వెతుక్కునే పనుండదు.

పద్దుల పుస్తకాలను ఏం చేయాలని మీరు అడగలేదు గానీ, ఒక మాట. 1916 అక్టోబరులో, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా సైన్యంలో ఉన్న తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ తన నోటుపుస్తకంలో గది వెచ్చబెట్టే పొయ్యి గురించి రాసుకున్నాడు. ఎన్నో వస్తువుల మధ్య ఒక వస్తువుగా చూస్తే ప్రతిదీ సమానంగా అల్పమే, దాన్నే ఒక లోకంగా చూస్తే ప్రతిదీ సమానంగా గొప్పదే అని. ముప్ఫై పుస్తకాలనూ బీరువాలో ఒక గుట్టగా చూసి నిట్టూర్చకండి. ఒకటి తీసి, ఒక్క నెల పద్దు, మొదటి తేదీ నుంచి చివరి తేదీ దాకా చదవండి. ఆ నెల ఇంట్లో ఏం వండి ఉంటారో, ఎవరికి జ్వరమొచ్చిందో, దేనికి డబ్బు సర్దుబాటు కాలేదో అంకెల్లోంచే తెలుస్తుంది.

చదవాల్సినవి. ముందు నేగెల్ వ్యాసం, పన్నెండు పేజీలే, ఒక ఆదివారం సరిపోతుంది. మార్కస్ అరేలియస్‌ను ఎక్కడ తెరిచినా చదవొచ్చు, రోజుకు ఒక పేజీ మించొద్దు, మించితే ఒకటే మోతలా వినిపిస్తుంది. "ఎథిక్స్" మాత్రం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టొద్దు. అయిదు భాగాల్లో 259 ప్రతిపాదనలు, రేఖాగణితం పుస్తకంలా నిర్వచనం, ప్రతిపాదన, ఉపపత్తి (రుజువు) అని సాగుతుంది. మొదటి భాగంలోనే ఎక్కువమంది మూసేస్తారు. మూడో భాగానికి రాసిన ముందుమాట, తర్వాత నాలుగో భాగం చివర ఉన్న 32 అంశాల అనుబంధం, ఆపైన అయిదో భాగంలో మొదటి 20 ప్రతిపాదనలు, ఈ వరసలో వెళ్లండి. మొదటి చదువులో ఉపపత్తులు వదిలేసి వివరణలే చదవండి. రోజుకు రెండు ప్రతిపాదనలు చాలు. ఈ జీవితానికి సంబంధించిన సంగతి అక్కడితో అయిపోయిందని ఆయనే 20వ దాని చివర చెబుతాడు. 21 నుంచి 42 వరకు, నిత్యత్వం గురించిన అసలు భాగం మీద పండితులు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు. మొదటి భాగం పూర్తిచేశాకే దానికి రండి. మీరు అక్కడికి చేరేసరికి అమ్మాయి ఇంటర్‌లో ఉంటుంది, తొందరేం లేదు.